హెల్త్ సైన్సెస్ బిల్డింగ్ అందరిదీ కావాలంటే: ఫోన్-ఇన్ కార్యక్రమం

(హైదరాబాద్ స్టూడియో నుంచి. కాలేజీ, హాస్పిటల్ భవనాల ప్లానింగ్‌లో పనిచేసే ఒక ఆర్కిటెక్ట్ శ్రోతల ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు.)

యాంకర్: నమస్కారం. మెడికల్, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నాలజీ పిల్లలంతా కలిసి చదువుకునేలా యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒకే బిల్డింగ్ కట్టాలనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఇదీ ఈరోజు విషయం. మొదటి కాల్ తార్నాక నుంచి. చెప్పండి సార్.

కాలర్ (ఫిజియోథెరపీ ప్రొఫెసర్): నమస్తే మేడమ్. నేను మా యూనివర్సిటీ బిల్డింగ్ కమిటీలో ఉన్నాను. గదుల లిస్ట్ ఇమ్మన్నారు. ప్రతి డిపార్ట్‌మెంట్‌నీ అడిగితే అందరూ ఒక సెమినార్ హాల్, పేషెంట్ దగ్గర చేసే పనులు ప్రాక్టీస్ చేసుకునే ఒక స్కిల్స్ ల్యాబ్, ఒక కంప్యూటర్ ల్యాబ్, డిపార్ట్‌మెంట్ హెడ్ (హెచ్‌ఓడీ) గది పక్కన ఇంకో మీటింగ్ గది రాసిచ్చారు. అన్నీ కూడితే మాకిచ్చిన స్థలానికి రెట్టింపు అయింది. ఎవరిది కోసినా గొడవే, ఒకటే టెన్షన్.

ఆర్కిటెక్ట్: ఎవరిదీ కోయకండి సార్, ముందు ఆ లిస్ట్ పక్కన పెట్టండి. గదులు అడిగితే గదులే రాస్తారు, వాళ్ల తప్పేం లేదు. మీరు అడగాల్సింది టైమ్‌టేబుల్. స్కిల్స్ ల్యాబే తీసుకోండి. లంచ్ పోగా రోజుకి ఆరు గంటలు, వారానికి ఆరు రోజులు, మొత్తం 36 గంటలు. నర్సింగ్ వాళ్లు 12 గంటలు వాడతారనుకుందాం, మీవాళ్లు 8, ఎంబీబీఎస్ వాళ్లు 10. మూడు ల్యాబులు కడితే, బాగా వాడే ల్యాబ్ కూడా వారంలో మూడింట రెండు వంతుల సేపు తాళం వేసే ఉంటుంది. కలిపి చూస్తే 30 గంటలు, ఒక్క ల్యాబ్‌లో సరిపోతుంది, పైగా ఆ మిగిలిన డబ్బుతో మంచి మానికిన్లు, అంటే ప్రాక్టీస్‌కి వాడే మనిషి బొమ్మలు, కొనుక్కోవచ్చు, ఇంకో టెక్నీషియన్‌ని పెట్టుకోవచ్చు. సీట్లు కూడా లెక్క వేయండి. సగం గంటలే తెరిచి, తెరిచినప్పుడు సగం సీట్లే నిండితే ఆ గది వాడకం పావు వంతు మాత్రమే. ప్రతి డిపార్ట్‌మెంట్‌కీ ఈ లెక్క తీసి అందరి ముందూ టేబుల్ మీద పెట్టండి, మాట్లాడే తీరే మారిపోతుంది.

కాలర్: కానీ మేడమ్, కోర్సులకి అనుమతిచ్చే కౌన్సిల్ వాళ్లు ఇన్‌స్పెక్షన్‌కి వచ్చి "మీ ల్యాబ్ ఏది" అంటారు కదా. అందుకే ఎవరూ వదులుకోవట్లేదు.

ఆర్కిటెక్ట్: ఆ భయం న్యాయమైనదే, దాన్ని కొట్టిపారేయకూడదు. మెడికల్‌కి నేషనల్ మెడికల్ కమిషన్, నర్సింగ్‌కి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, ఫార్మసీకి ఫార్మసీ కౌన్సిల్, మీలాంటి కోర్సులకి 2021 చట్టంతో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ కమిషన్, ఎవరి కొలతలు వాళ్లవి. ఎంబీబీఎస్‌కి 2020లో వచ్చిన కనీస వసతుల నిబంధనల్లో 150 సీట్ల వరకు స్కిల్స్ ల్యాబ్ 600 చదరపు మీటర్లు, 200 నుంచి 250 సీట్లకి 800 ఉండాలన్నారు. ఇలాంటివన్నీ తెచ్చి ఒక పెద్ద షీట్ మీద రెండు వరసలుగా రాయించండి. ఆ కోర్సుకే సొంతంగా ఉండాలని స్పష్టంగా చెప్పినవి ఒకవైపు, అందుబాటులో ఉంటే చాలన్నవి ఇంకోవైపు. అనుమానం ఉన్నచోట డ్రాయింగులు మొదలవకముందే ఆ కౌన్సిల్‌కి ఉత్తరం రాసి, జవాబు కాగితం మీద తీసుకోండి. ఫోన్‌లో ఎవరో సరేనన్నారని కట్టేసి, ఇన్‌స్పెక్షన్ రోజున చెమటలు పట్టించుకోవద్దు.

ఇంకోటి సార్. ఎంబీబీఎస్ ప్రొఫెషనల్ ఇయర్ల లెక్కన, అంటే సెమిస్టర్లు లేకుండా పెద్ద పెద్ద దశలుగా నడుస్తుంది. బీఫార్మసీ సెమిస్టర్లు, బీఎస్సీ నర్సింగ్ కూడా 2021-22 నుంచి సెమిస్టర్లే. పరీక్షలు, సెలవులు, హాస్పిటల్‌లో వేసే డ్యూటీలు (క్లినికల్ పోస్టింగులు) దేని దారి దానిది. వారంలో ఒక్క మధ్యాహ్నమైనా అన్ని కోర్సులకీ ఉమ్మడిగా దొరికేలా మీ యూనివర్సిటీ అకడమిక్ కౌన్సిల్‌లో తీర్మానం చేయించండి. అది కుదరకపోతే మీరు కట్టేది ఐదు కాలేజీలకి ఒక గోడ మాత్రమే, ఈ మాట కటువుగా ఉన్నా చెప్పాలి.

యాంకర్: థాంక్యూ సార్. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక స్టూడెంట్. చెప్పమ్మా.

కాలర్ (నర్సింగ్ మూడో సంవత్సరం): మేడమ్, నాదొక డౌట్. అందరం ఒకే బిల్డింగ్‌లో ఉంటే నిజంగా కలుస్తామా? మా దగ్గర మెడికల్ వాళ్లు పక్క బ్లాకే, మూడేళ్లుగా ఒక్కరితో కూడా మాట్లాడలేదు. వార్డులో మాత్రం ఒకే పేషెంట్ దగ్గర నిలబడతాం.

ఆర్కిటెక్ట్: ఈ ప్రశ్న అడిగినందుకు చాలా సంతోషం అమ్మా, ఎందుకంటే బిల్డింగ్ అంతా దీనికోసమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఇచ్చిన నివేదికలో చెప్పింది ఇదే: వేర్వేరు వృత్తుల వాళ్లు ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరితో ఒకరు నేర్చుకోవాలి. ఒకే హాల్లో రెండొందల మందిని కూర్చోబెట్టి లెక్చర్ ఇస్తే అది జరగదు. ఒక మెడికో, ఒక నర్సింగ్ స్టూడెంట్, ఒక ఫార్మసీ స్టూడెంట్, ఒక ఫిజియో స్టూడెంట్ కలిసి ఒక మానికిన్ మీద కేసు చేయాలి. బీపీ పడిపోతోంది, మందు డోసు ఎవరు చెప్పాలి, ఎవరు సరిచూడాలి, ఎవరు డాక్టర్‌ని "సార్, ఒక్క నిమిషం ఆగండి" అని ఆపాలి, అవన్నీ అక్కడ అలవాటవ్వాలి. అందుకే ఇలా ఉత్తుత్తి కేసు చేసే సిమ్యులేషన్ గది అంటే ఒక్క గది కాదు, మూడు. కేసు నడిచే గది, ఒకవైపు నుంచే కనిపించే అద్దం వెనక కంట్రోల్ గది, తర్వాత అందరూ కూర్చుని ఏం జరిగిందో మాట్లాడుకునే డీబ్రీఫింగ్ గది. కేసు పది నిమిషాలైతే మాట్లాడుకోవడానికి ఇరవై పడుతుంది, నేర్చుకునేది ఎక్కువగా అక్కడే. బడ్జెట్ తగ్గినప్పుడు అందరికంటే ముందు కోసేసేది కూడా ఆ మూడో గదినే, దయచేసి కోయనివ్వకండి.

కాలర్: క్లాస్ అయిపోయాక కూర్చోవడానికి కూడా చోటుండదు మేడమ్. మెట్ల మీద కూర్చుంటే అడ్డమని లేపేస్తారు.

ఆర్కిటెక్ట్: మెట్లు వెడల్పుగా పెట్టి, ప్రతి మలుపు దగ్గరా బెంచీ, ప్లగ్ పాయింట్ ఇవ్వాలి, అప్పుడు ఎవరినీ లేపే పని ఉండదు. లాకర్లు కోర్సువారీగా కాకుండా కలిపి పెట్టాలి. క్యాంటీన్ ఒక్కటే ఉండాలి, అదీ వెనకాల కాదు, అందరూ నడిచే దారిలో. రాత్రి డ్యూటీ నుంచి వచ్చే అమ్మాయిలకి గేటు నుంచి బిల్డింగ్ దాకా లైట్లు, గ్రౌండ్ ఫ్లోర్‌లోనే ఒక విశ్రాంతి గది, దాంట్లో బాత్రూమ్. కమిటీలో స్టూడెంట్లు లేకపోతే ఇవేవీ డ్రాయింగ్‌లోకి రావు. మీ ప్రిన్సిపాల్ మేడమ్‌కి నా మాటగా చెప్పు.

యాంకర్: వాట్సాప్‌లో ఒకరు చదరపు అడుగుకి ఎంతవుతుందని అడుగుతున్నారు.

ఆర్కిటెక్ట్: ఒక్క రేటు చెప్పడం సరికాదు. క్లాస్‌రూమ్ ధర, ల్యాబ్ ధర ఒకటి కావు. నీళ్లు, రసాయనాలు వాడే తడి ల్యాబులెన్ని, ఏసీ ఎంత అన్నది తేలాక మాట్లాడాలి.

యాంకర్: ఈసీఐఎల్ ఏరియా నుంచి ఒక రిటైర్డ్ ఇంజినీర్ గారు లైన్‌లో ఉన్నారు.

కాలర్ (రిటైర్డ్ ఇంజినీర్): నమస్కారమమ్మా. నేను ప్రభుత్వ బిల్డింగులు చాలా కట్టించాను. శవాల మీద శరీర నిర్మాణం నేర్చుకునే అనాటమీ విభాగం ఎక్కడ పెడతారు? బేస్‌మెంట్‌లో అంటే నేను ఒప్పుకోను.

ఆర్కిటెక్ట్: నేనూ ఒప్పుకోను సార్. మన ఊరి రాయి సంగతి మీకు తెలియనిదా, కొన్ని చోట్ల నాలుగడుగులు తవ్వగానే గ్రానైట్ తగులుతుంది, బేస్‌మెంట్ అంటే రాయి పగలగొట్టే ఖర్చు, చుట్టుపక్కల క్లాసులకి దుమ్ము, చప్పుడు. దానికంటే పెద్ద కారణం గాలి. శవాలు కోసి చదివే డిసెక్షన్ హాల్లో, అవి పాడవకుండా వాడే ఫార్మాలిన్ ఉంటుంది, దాంట్లో ఉండే ఫార్మాల్డిహైడ్ మనుషులకి క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగమే మొదటి గ్రూపులో పెట్టింది. కిటికీలు తెరిచి ఫ్యాన్లు వేస్తే ఆ గాలి పక్క గదుల్లోకే వెళ్తుంది. టేబుళ్ల దగ్గరే గాలి లాగేసి, వేరే డక్ట్‌లో, అంటే గాలి గొట్టంలో, టెర్రస్ పైకి పంపాలి, ఆ గాలి మళ్లీ ఏసీలోకి తిరిగి రాకూడదు. ల్యాబ్ అంతస్తుల ఎత్తు మామూలు క్లాస్‌రూమ్ అంత చాలదు, స్లాబ్ నుంచి స్లాబ్‌కి 4.2 నుంచి 4.5 మీటర్లు అడుగుతాను, లేకపోతే డక్టులన్నీ పెట్టేసరికి సీలింగ్ తలకి తగులుతుంది. నిలువు డక్టులకి మొదటి రోజే చోటు వదలాలి. పదేళ్ల తర్వాత ఫార్మసీ ల్యాబ్‌ని జెనెటిక్స్ ల్యాబ్‌గా మార్చాలంటే గోడ పగలగొట్టడం తేలికే, స్లాబ్‌కి కన్నం వేయడమే కష్టం.

కాలర్: పడమటి ఎండ?

ఆర్కిటెక్ట్: బిల్డింగ్‌ని తూర్పు పడమరలుగా పొడవు పెట్టి, ఉత్తరం, దక్షిణం వైపు కిటికీలు ఇస్తాను. పడమర వైపు మెట్లు, టాయిలెట్లు, స్టోర్లు. ముందువైపంతా గాజు పెట్టి ఏప్రిల్, మే నెలల్లో ఏసీ బిల్లు కట్టుకోవడం మన వాతావరణానికి పనికిరాదు.

సార్, అనాటమీ గురించి ఇంకొక్క మాట. దేహదానం చేసినవాళ్ల కుటుంబాలు వస్తాయి. వాళ్ల నాన్ననో, అమ్మనో అప్పగించడానికి వచ్చేవాళ్లు చెత్త బండి వచ్చే గేటు నుంచి లోపలికి రాకూడదు. అంబులెన్స్ ఆగడానికి నీడ ఉన్న వేరే గుమ్మం, సంతకాలు పెట్టడానికి, కాసేపు మౌనంగా కూర్చోవడానికి ఒక చిన్న గది, అక్కడి నుంచి స్ట్రెచర్ అడ్డం లేకుండా వెళ్లే దారి కావాలి. పైగా మెడికల్ పిల్లలందరికీ మొదటి గురువులు ఆ దేహదానం చేసినవాళ్లే కదా. ప్లాన్‌లో దీనికి ఒక్క గది కంటే ఎక్కువ పట్టదు, అయినా ఎవరూ అడగరు కాబట్టి గీయరు.

కాలర్: మంచి మాట చెప్పారమ్మా.

యాంకర్: ఇక చివరి కాల్, ఉప్పల్ నుంచి. మీరేం చేస్తారు అన్నా?

కాలర్ (స్కిల్స్ ల్యాబ్ టెక్నీషియన్): ఒక ప్రైవేట్ కాలేజీలో చేస్తా మేడమ్. మా దగ్గర మానికిన్లు బీరువాలోనే ఉంటాయి. తాళం ఒక డిపార్ట్‌మెంట్ దగ్గర, ఏసీ రిపేర్ ఇంకో డిపార్ట్‌మెంట్‌ది, చెత్త సంచులు ఎవరివో ఎవరికీ తెల్వదు. కొత్త బిల్డింగ్‌లో కూడా ఇదే అయితే ఏం లాభం?

ఆర్కిటెక్ట్: ఏం లాభం లేదు. అందుకే పునాది తవ్వకముందే ఈ బిల్డింగ్ ఎవరి చేతిలో ఉంటుందో ఆర్డర్ కాగితం రావాలి. ఏ డిపార్ట్‌మెంట్ కిందా కాకుండా నేరుగా వైస్ చాన్స్‌లర్ ఆఫీస్ కింద ఒక మేనేజర్, ఆయన చేతిలో ఏటా ఖర్చుకి సొంత పద్దు, గదుల బుకింగ్‌కి ఒకే రిజిస్టర్. నర్సింగ్ హెచ్‌ఓడీ అయినా, సర్జరీ హెచ్‌ఓడీ అయినా అదే వరసలో బుక్ చేసుకోవాలి. మానికిన్ చర్మం, ట్యూబులు, బ్యాటరీలు మార్చే ఖర్చు మొదటి సంవత్సరం నుంచే అందులో రాయాలి. ఇక చెత్త. 2016 బయోమెడికల్ వేస్ట్ రూల్స్ ప్రకారం చెత్తని పసుపు, ఎరుపు, తెలుపు, నీలం రంగుల సంచులు, డబ్బాల్లోకి వేరు చేయాలి, పసుపు సంచిలో పడే శరీర భాగాలు, రక్తం అంటిన దూది లాంటివాటిని శుద్ధి చేయకుండా 48 గంటలకు మించి ఉంచకూడదు. ఆ గది ఎక్కడ, నల్లా ఉందా, నేల కడగొచ్చా, బండి ఏ దారిన వస్తుంది, క్లాసుకెళ్లే పిల్లల లిఫ్ట్‌లోనే సంచులు దించుతారా, ఇవన్నీ మీరు చెప్తేనే నేను సరిగ్గా గీయగలను.

కాలర్: మమ్మల్ని ఎవరు పిలుస్తరు మేడమ్ మీటింగుకి?

ఆర్కిటెక్ట్: పిలిచేదాకా ఆగకండి. పొద్దున తాళం తీసిన దగ్గర్నుంచి సాయంత్రం దాకా మీరు చేసే పనులు, ఏది ఎక్కడ దొరకదో, దేనికోసం ఎన్ని అంతస్తులు దిగుతారో తెలుగులోనే ఒక పేజీ రాయండి. స్వీపర్ అక్కలతో కూడా చెప్పించుకుని దాంట్లో కలపండి. దాన్ని మీ బిల్డింగ్ కమిటీ సెక్రటరీకి ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి.

కాలర్: ఫొటోలు కూడా పెట్టొచ్చా?

ఆర్కిటెక్ట్: తప్పకుండా పెట్టండి, ముఖ్యంగా ఆ బీరువా లోపలిది.