గ్రాఫు చేతికొచ్చాక మొదలయ్యే పని

అధ్యాపక మిత్రులకు, ఎమ్మెస్సీ విద్యార్థులకు, ఈ ఏడాది పీహెచ్‌డీలో చేరిన స్కాలర్లకు నమస్కారం.

కొత్తగా చేరినవాళ్లు తరచూ అడిగే మాట ఒకటుంది. "సార్, పెద్ద మిషన్లన్నీ బయటే ఉన్నాయి కదా, వరంగల్‌లో ఉండి ఫిజిక్స్‌లో మంచి రీసెర్చ్ చేయగలమా?" అడగాల్సిన ప్రశ్నే. ఇక్కడ 1959లో మొదలైన ఆర్‌ఈసీ, అంటే రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీ, 2002లో ఎన్ఐటీ అయింది. 1976లో కాకతీయ యూనివర్సిటీ వచ్చింది. అయినా కావాల్సిన పరికరాలన్నీ ఒకే డిపార్ట్‌మెంటులో ఎక్కడా ఉండవు. ఆ లోటు తీర్చడానికే ఢిల్లీలో ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్, ఇండోర్‌లో యూజీసీ-డీఏఈ కన్సార్షియం ఉన్నాయి. ఇండోర్‌లోనే రాజా రామన్న సెంటర్‌లో 2.5 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల ఇండస్-2 సింక్రోట్రాన్ ఉంది, అంటే ఎలక్ట్రాన్లను గుండ్రంగా పరిగెత్తించి గట్టి ఎక్స్‌రేలు పుట్టించే మిషన్. ప్రపోజల్ పంపి, అది కమిటీకి నచ్చితే బీమ్ టైమ్, అంటే ఆ మిషన్ మీద మన వంతు సమయం, దొరుకుతుంది. కాజీపేటలో రైలెక్కితే ఢిల్లీలో దిగొచ్చు. కష్టం ప్రయాణంలో లేదు, ప్రపోజల్‌లో "ఈ శాంపిలే ఎందుకు, ఈ మిషనే ఎందుకు" అన్న చోట రెండు వాక్యాలు రాయడంలో ఉంది.

నా అసలు ఫిర్యాదు వేరే. శాంపిల్ కొరియర్‌లో పోతుంది, డేటా ఫైలు మెయిల్‌లో వస్తుంది. దాన్ని గ్రాఫు చేసి, ఫార్ములాలో వేసి, టేబుల్ కడితే పేపరు అయిపోయిందనుకుంటున్నాం. ఎక్స్‌రే డిఫ్రాక్షన్ సంగతే చూడండి, శాంపిల్ మీద పడ్డ ఎక్స్‌రేలు కొన్ని కోణాల్లో గట్టిగా వచ్చి గ్రాఫులో పీకులవుతాయి. పీక్ వెడల్పు కొలిచి, వెడల్పు నుంచి సైజు లెక్కగట్టే షెరర్ ఫార్ములాతో క్రిస్టలైట్, అంటే అణువుల వరుస తెగకుండా ఉన్న చిన్న స్ఫటికం, సైజు 23.47 నానోమీటర్లని రాస్తారు. ఆ వెడల్పులో మిషన్ వాటా ఎంత? లాంథనమ్ హెక్సాబోరైడ్ లాంటి స్టాండర్డును (పీకులు ఎలా ఉండాలో ముందే తెలిసిన శాంపిల్‌ను) అవే సెట్టింగులతో నడిపితే తప్ప అది తెలియదు. శాంపిల్ లోపల స్ట్రెయిన్, అంటే అణువుల వరుసల్లో సాగుడు నొక్కుడు, ఉంటే దానివల్లా పీక్ వెడల్పవుతుంది. ఇవేవీ తీసేయకుండా దశాంశం తర్వాత రెండంకెలా? పైగా ఆ ఫార్ములా చెప్పేది క్రిస్టలైట్ సైజే. మైక్రోస్కోపులో కనపడే రేణువులో అలాంటి క్రిస్టలైట్లు చాలా ఉండొచ్చు. వైవాలో ఇది అడిగితే "డేటా బయటినుంచి వచ్చింది సార్" అంటారు. డేటా బయటిదే కావచ్చు, థీసిస్ మీద పేరు మాత్రం మీది.

శాంపిల్ తయారీ పూర్తిగా మన చేతిలోని పని, కాబట్టి అక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. బోరేట్ గ్లాసు, అంటే బోరాన్ ఆక్సైడ్ ముఖ్యంగా ఉండే గాజు, పాళ్లు కొంచెం కొంచెం మారుస్తూ ఒక సిరీస్‌గా చేస్తున్నారనుకోండి. బోరిక్ యాసిడ్ తూచి, మిగతా ఆక్సైడ్లు కలిపి, క్రూసిబుల్‌లో పెట్టి ఫర్నేస్‌లో కరిగించి, ఇత్తడి పలక మీద పోసి, లోపలి ఒత్తిడి పోవడానికి అనీల్ చేస్తారు, అంటే తక్కువ వేడిలో కొంతసేపు ఉంచి మెల్లగా చల్లారుస్తారు. వేడికి బోరిక్ యాసిడ్‌లోని నీళ్లు ఆవిరైపోతాయి, కొంత బోరాన్ కూడా వాటితో పోవచ్చు. అల్యూమినా క్రూసిబుల్ అయితే ఆ అల్యూమినా కొంత గ్లాసులో కలుస్తుంది. అంటే నోట్‌బుక్‌లో రాసుకున్న కాంపోజిషన్, చేతిలోని గ్లాసు కాంపోజిషన్ ఒకటే కావాలని లేదు. దీన్ని అనుమానించడానికి సింక్రోట్రాన్ అక్కర్లేదు. మంచి బ్యాలెన్స్, కొంచెం జైలీన్ చాలు, గ్లాసును గాలిలో ఒకసారి, ఆ జైలీన్ ద్రవంలో ముంచి ఒకసారి తూచే ఆర్కిమెడీస్ పద్ధతిలో డెన్సిటీ కొలవండి. సిరీస్‌లో ఒక గ్లాసు డెన్సిటీ వరుస తప్పితే, దాన్ని ఇండోర్ పంపేముందు మళ్లీ చేయండి. ఖర్చు లేని కొలత అని డెన్సిటీని చిన్నచూపు చూస్తారు. నాకైతే సిరీస్ బాగుందో లేదో ముందుగా చెప్పేది అదే.

పేపరు తొందర ఎందుకో నాకూ తెలుసు. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000. అది రానివాళ్లు జూనియర్ కాలేజీలో క్లాసులు చెప్పుకుంటూ సాయంత్రాలు ల్యాబుకొస్తారు. వాళ్లకు ఒక్కో నెలా బరువే. ఒక సంగతి గుర్తుంచుకోండి, థీసిస్ ఇచ్చేముందు పేపరు అచ్చు కావాలన్న షరతును యూజీసీ 2022 నిబంధనల్లో తీసేసింది. యూనివర్సిటీలు తమ నియమం తాము పెట్టుకోవచ్చు, అది మీ ఆఫీసులో కనుక్కోండి. పీహెచ్‌డీ కాలం మాత్రం కనీసం మూడేళ్లు, మామూలుగా ఆరేళ్లలోపు.

ములుగు, నర్సంపేట, మహబూబాబాద్ వైపు నుంచి తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్లలు సెమినార్‌లో వెనక బెంచీలోనే కూర్చుంటారు. ఇంగ్లిష్ టెన్షన్. ప్రశ్న తెలుగులో అడగండి, ఎవరూ ఏమీ అనరు. అన్నా పట్టించుకోకండి. లెక్క బోర్డు మీదికి వచ్చాక అది ఏ భాషలో మొదలైందో ఎవరూ చూడరు.

ఎమ్మెస్సీ వాళ్లు థీసిస్ దాకా ఆగక్కర్లేదు. కరెంటు పోతున్న శాంపిల్‌ను మాగ్నెట్ మధ్య పెట్టి అడ్డంగా వచ్చే వోల్టేజ్ కొలిచే హాల్ ఎఫెక్ట్ ప్రయోగంలో మాగ్నెట్ ఆపేసినా మీటరు సున్నా చూపించదు. రికార్డులో చాలామంది ఆ రీడింగ్ వదిలేసి పై బ్యాచ్ టేబుల్ దించేస్తారు. కాంటాక్టులు ఎదురెదురుగా సరిగ్గా లేకపోతే ఆ వోల్టేజ్ వస్తుంది. ఫీల్డ్ దిశ తిప్పి రెండోసారి కొలిస్తే అది లెక్కలోంచి ఎలా పోతుందో, రెండు కొలతల మధ్య ఎంత ఉష్ణోగ్రత తేడా వస్తే ఆ ఉపాయం పనిచేయదో ఆలోచించుకుని, టీ తర్వాత బోర్డు దగ్గరికి రండి. చాక్‌పీసులు నేనే తెస్తాను.