చేయి తిరిగిన ప్రోగ్రామర్‌కి ఏఐ ఎందుకు?

(హైదరాబాద్ స్టూడియోలో జరిగిన చర్చలో ఒక భాగం)

యాంకర్: మాదాపూర్‌లో ఇప్పుడు ఏఐ వాడకపోతే మేనేజర్ ఊరుకోడు, వాడితే పక్క సీట్లో సీనియర్ మొహం చిట్లిస్తాడు. సార్, మీరు వాడతారా?

సీనియర్ ఇంజనీర్: వాడతానండి. చిన్నా చితకా స్క్రిప్టులకి, డాక్యుమెంటేషన్‌కి. పేమెంట్ల కోడ్ మాత్రం నేనే రాస్తాను.

యాంకర్: ఎందుకలా?

ఇంజనీర్: డబ్బు కట్ అయింది, బ్యాంకు నుంచి జవాబు రాలేదు, టైమౌట్ (ఎదురుచూసే గడువు అయిపోయింది) అనుకోండి. మళ్లీ ప్రయత్నించే కోడ్ ఏఐ చక్కగా రాసిస్తుంది. కానీ రెండోసారి కూడా అదే లావాదేవీ నంబర్ పంపాలి. ఆ సంగతి తప్పిపోతే కస్టమర్‌కి రెండుసార్లు కట్ అవుతుంది. కోడ్‌ని పరీక్షించే టెస్టులు కూడా ఏఐతోనే రాయిస్తే, ఆ తప్పు ఉన్నా అన్నీ పాస్! మనమే రాస్తుంటే అక్కడ చెయ్యి ఆగుతుంది. ఎవరో రాసింది చదువుతుంటే కన్ను ఆగదు.

అమీర్‌పేట శిక్షకురాలు: అది కొత్తవాళ్ల సమస్య సార్. మీలాంటివాళ్లు చూడగానే పట్టేస్తారు. టైమ్ కూడా కలిసొస్తుంది.

ఇంజనీర్: కలిసొచ్చిందనే అనిపిస్తుంది మేడమ్. 2025లో మీటర్ (METR) అనే అమెరికా పరిశోధన సంస్థ 16 మంది అనుభవమున్న డెవలపర్లకి, వాళ్లు ఏళ్లుగా పనిచేస్తున్న ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ అందుబాటులో ఉండే) ప్రాజెక్టుల్లోనే 246 పనులు పెట్టింది. ఏఐ వాడిన పనులకి 19 శాతం ఎక్కువ టైమ్ పట్టింది. అంతా అయ్యాక అడిగితే మాత్రం, 20 శాతం ఆదా అయిందన్నారు!

శిక్షకురాలు: పదహారు మందే కదా. టూల్స్ కూడా ఆ ఏడాది మొదట్లోవి. పైగా అది వాళ్లకి కొట్టినపిండి లాంటి కోడ్. అదే జావాలో కోడ్ రాసే మనిషికి గో అనే మరో ప్రోగ్రామింగ్ భాషలో పని పడితే?

ఇంజనీర్: అక్కడ నిజంగా పనికొస్తుంది, కాదనను. చిక్కేంటంటే, తప్పు పట్టడం మనకి చేతకాని చోటు కూడా అదే.

యాంకర్: రాసిన కోడ్‌ని రివ్యూ చేసేవాళ్లు ఉంటారుగా?

ఇంజనీర్: ఆ రివ్యూ కూడా ఏఐకే ఇచ్చేస్తున్నారండి. (నవ్వులు)

శిక్షకురాలు: నా క్లాసులో ఏఐ రాసిన కోడ్ ప్రింట్ తీసి ఇస్తాను. ఎప్పుడు ఎక్కడ ఫెయిలవుతుందో పెన్నుతో గుర్తుపెట్టమంటాను.

ఇంజనీర్: పెడుతున్నారా?

శిక్షకురాలు: అలాంటి కోడ్ ముందు సొంతంగా రాసినవాళ్లు పెడుతున్నారు. మిగతావాళ్లు ఫోన్ ఇవ్వమంటున్నారు, ఏఐని అడుగుతారట.