పదిహేనేళ్లు దాటిన మెర్సిడెస్ ఎస్‌ఎల్‌కే కొంటున్నారా? ఇంజిన్ తర్వాత, ముందు టాప్ చూడండి

నమస్తే అండి. ముందే చెప్పేస్తున్నాను, ఇవాళ ఈ వీడియో చేయడానికి కారణం ఇదిగో, ఈ కార్ కవర్. ఒక కంపెనీవాళ్లు ఫ్రీగా పంపారు. డబ్బులేమీ తీసుకోలేదు. "మీ కన్వర్టిబుల్ మీద వేసి చూసి, ఉన్నదున్నట్టు చెప్పండి" అన్నారు. చెబుతాను. కన్వర్టిబుల్ అంటే టాప్ తెరిచి మడిచేయగల కారు. కానీ దీని కింద ఉన్న బండి సంగతి చెప్పకుండా కవర్ సంగతి చెబితే మీకు అర్థం కాదు. మీలో చాలామంది ఎప్పటినుంచో అడుగుతున్నది కూడా ఆ బండి గురించే.

మెర్సిడెస్ ఎస్‌ఎల్‌కే 200 కంప్రెసర్, 2009 మోడల్. స్పెక్స్ మీరు చూసే ఉంటారు. 1.8 లీటర్ల ఇంజిన్, దానికి సూపర్‌చార్జర్, 184 హార్స్‌పవర్, రెండే సీట్లు. అయిపోయింది. ఈ బండిని హార్స్‌పవర్ కోసం ఎవరూ కొనరు. ఇదిగో, సీట్ల మధ్యలో ఉన్న ఈ స్విచ్ కోసం కొంటారు.

బండి ఆపి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, స్విచ్ నొక్కి పట్టుకున్నాను. చూడండి. ముందు డోర్ అద్దాలు దిగాయి. ఇప్పుడు డిక్కీ మూత లేస్తోంది. మామూలుగా తెరుచుకునే వైపు కాదు, దానికి ఎదురు వైపు. ఇప్పుడు తల మీద రేకు అద్దాన్ని వదిలి పైకి లేచింది... మధ్యలో మడత పడింది... వెళ్లి డిక్కీలో పడుకుంది. మూత పడింది. కొత్తలో దీనికి 22 సెకన్లు. నా బండికి ఇప్పుడు 25 పడుతోంది. డిసెంబర్ పొద్దుటిపూట అయితే 27. ఆయిల్ చిక్కబడి ఉంటుంది కదా, నేను తొందరపెట్టను.

ఇలా ఇనుప రేకు టాప్ మడిచి డిక్కీలో పెట్టడం కొత్త ఆలోచనేమీ కాదండి. 1934లోనే ప్యూజోవాళ్లు చేశారు. 1957లో, అంటే మన ప్రకాశం బ్యారేజీ ప్రారంభించిన ఏడాదే, అమెరికాలో ఫోర్డ్ స్కైలైనర్ వచ్చింది. తర్వాత చాలా ఏళ్లు దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1996లో మొదటి ఎస్‌ఎల్‌కే వచ్చాకే మళ్లీ అందరి కళ్లూ దీని మీద పడ్డాయి. నాది రెండో తరం.

దీనికి ముందు నా దగ్గర జిప్సీ ఉండేది, రెగ్జిన్ టాప్‌ది. టాప్ తీయాలంటే ఇద్దరు మనుషులు, పావుగంట పని. ఎండకి రెగ్జిన్ బిగుసుకుపోయి, మళ్లీ బటన్లు పెట్టేసరికి బొటనవేళ్లు మంటపుట్టేవి. అందుకే టాప్ తీయడమే మానేశాను. ఎస్‌ఎల్‌కే కొన్నాక వారానికి నాలుగుసార్లు తీస్తున్నాను. తేడా అదే. తీయడం సులువైతేనే తీస్తాం.

ఎప్పుడు తీస్తాం అన్నది మన విజయవాడలో పెద్ద ప్రశ్న. రోహిణి కార్తెలో మధ్యాహ్నం బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర టాప్ లేకుండా ఆగితే మాడు మాడిపోతుంది. నా టైమ్ పొద్దున ఐదున్నర నుంచి ఏడు. పటమట నుంచి బయల్దేరి కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కుతాను. ఒక పక్క ఇంద్రకీలాద్రి, ఇంకో పక్క కృష్ణ. ఫ్లైఓవర్ వంపు తిరిగేచోట నది మీంచి గాలి ఒక్కసారి మీద పడుతుంది. తడి వాసన, కొండ మీద గుడి మైకు, కింద ఘాట్ల దగ్గర మనుషుల మాటలు, అన్నీ వినిపిస్తాయి. అద్దాలు దించిన మామూలు కార్లో ఆ గాలి చెవి పక్క నుంచి కొడుతుంది. ఇందులో నెత్తి మీంచి వెళ్తుంది. అది వేరే అనుభవం, నేను మాటల్లో చెప్పలేను, ఈ ఫుటేజ్ చూడండి.

మా నాన్న ఆటోనగర్‌లో నలభై ఏళ్లు లారీల పని చేశారు. టాటావాళ్లు 1954 నుంచి 1969 దాకా డైమ్లర్ బెంజ్‌తో కలిసి లారీలు తయారుచేశారు, వాటి ముందు ఈ నక్షత్రమే ఉండేది. నాన్న వాటిని బెంజి లారీలనే అంటారు. ఈ బండి ఇంటికొచ్చిన రోజు బోనెట్ మీద చెయ్యి వేసి, "బెంజి కదరా, కింద పడుకుని చూశావా?" అన్నారు. చూడలేదు. అదే నేను చేసిన తప్పు. ఇంజిన్ విన్నాను, గేర్లు చూశాను, హైదరాబాద్ రింగ్ రోడ్ మీద నడిపాను, అడ్వాన్స్ ఇచ్చేశాను. టాప్ రెండుసార్లు తీసి వేసి సంబరపడ్డాను తప్ప, దాని కింద నీళ్లు ఎటు పోతాయో చూడలేదు.

2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 మనమెవరం మర్చిపోలేం. బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్లకి ఇళ్లే మునిగాయి. మా వీధిలోకి వరద రాలేదు, వాన మాత్రం ఆగకుండా పడింది. బండి ఇంటి ముందు చింతచెట్టు కింద ఉంది. నాలుగో రోజు డోర్ తీస్తే వాసన. తడి గోనెసంచి వాసన. ఎడమ పక్క కాళ్ల దగ్గర కార్పెట్ మీద చెయ్యి వేస్తే వేళ్ల మధ్య నుంచి నీళ్లు ఊరాయి. మా ఫ్రెండ్ చూసి, "నీ బండి కూడా మునిగిందా?" అన్నాడు. మునగలేదు. టైర్లకి కూడా నీళ్లు తగల్లేదు. మరి లోపలికి ఎలా వచ్చాయి?

ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర ఒక జాలీ ఉంటుంది. అద్దం మీద పడ్డ వాన ఆ జాలీలోకి దిగి, రెండు పక్కలా గొట్టాల్లోంచి చక్రాల వెనక బయటికి పోవాలి. వేపాకైతే జాలీ మీదే ఆగుతుంది. చింతాకు ఆగదు, అంత సన్నం. ఏళ్ల తరబడి లోపలికి దిగి, దుమ్ముతో కలిసి, గొట్టం మూతి దగ్గర నల్లటి ముద్ద అయిపోయింది. వేలితో తీస్తే అచ్చం పాత చింతపండులా వచ్చింది. పోవడానికి దారి లేక నీళ్లు కార్లోకి తిరిగాయి. ఇలాంటి గొట్టాలు వెనక, టాప్ మడిచి పెట్టేచోట కూడా ఉంటాయి. తప్పు బండిది కాదు, నాది. ఆ చెట్టు కింద రెండేళ్లు పెట్టాను, జాలీ ఒక్కసారి కూడా ఎత్తి చూడలేదు.

ఇప్పుడు నెలకోసారి ఒక నైలాన్ తీగ, గడ్డి కోసే మిషన్‌కి వాడతారే ఆ తీగ, మెల్లగా గొట్టంలోకి పంపి అటూ ఇటూ ఆడిస్తాను. తర్వాత చెంబుతో నీళ్లు పోసి కింద ఎటు కారుతున్నాయో చూస్తాను. రెండు పక్కలా ఒకేలా కారాలి. పంక్చర్ షాపులో గాలి కొట్టించకండి. ఆ ఒత్తిడికి లోపల గొట్టం కీలు ఊడిపోతే సీట్లు, కార్పెట్ అన్నీ విప్పాల్సి వస్తుంది.

అందుకే, ఎవరైనా పాత కన్వర్టిబుల్ కొందామని ఫోన్ చేస్తే నేను మొదట అడిగేది కార్పెట్ ఎత్తారా అని. మన ప్రాంతంలో ఇది రెండింతలు ముఖ్యం. తడి కనిపిస్తే అది గొట్టాలు మూసుకుపోయిన తడా, వరదలో మునిగిన బండా అన్నది తేల్చుకోవాలి. సీటు బెల్టు చివరిదాకా లాగండి. మునిగిన బండైతే లోపలి భాగంలో బురద చార కనిపించే అవకాశం ఎక్కువ. అలా ఎంతో మంది కడిగి తుడిచి అమ్ముతారు, కానీ బెల్టు మొత్తం బయటికి లాగి కడిగేవాళ్లు తక్కువ. సీటు కింద బోల్టులు చూడండి, స్టెప్నీ గుంతలో చెయ్యి పెట్టండి. చార ఉంటే ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు.

ఆ తర్వాత టాప్. ఒకసారి కాదు, మూడుసార్లు వరసగా తీసి వేయించండి. మొదటిసారి బాగానే కదిలి, మూడోసారి మధ్యలో ఆగిందంటే పంపులో ఆయిల్ తగ్గి ఉండొచ్చు, బ్యాటరీ డల్ అయి ఉండొచ్చు. అసలు కదలకపోతే కంగారు పడకండి. డిక్కీలో సామాన్ల మీదికి లాగి తగిలించే తెర ఒకటి ఉంది, అది కొక్కేనికి తగిలి ఉంటేనే టాప్ దిగుతుంది. దాని స్విచ్ మీద ఇంత దుమ్ము చేరినా, తెర లేదనుకుని మొత్తం ఆగిపోతుంది. నాకు ఈ బండిలో నిజంగా చిరాకు తెప్పించేది ఇదొక్కటే. గుంటూరులో ఒక పెళ్లికి వెళ్లి, ఫంక్షన్ హాల్ ముందు టాప్ సగంలో ఆగిపోయి పది నిమిషాలు నిలబడ్డాను. చినుకులు మొదలయ్యాయి, టెన్షన్‌తో చెమటలు పట్టాయి. చివరికి తెర గట్టిగా ఒక నొక్కు నొక్కితే కదిలింది.

డిక్కీ కార్పెట్ అంచుల్లో నూనె మరక ఉందేమో కూడా చూడండి. నా బండిలో కొన్నాక ఆరు నెలలకి కనిపించింది. టాప్‌ని లేపే సిలిండర్ కారుతోంది. ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌లో సిలిండర్ మొత్తం మార్చాలన్నారు. ఆ అంకె వింటే మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. నాన్న ఆ సిలిండర్ పట్టుకుని ఆటోనగర్‌లో టిప్పర్ లారీల జాకీలు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన చేతి మణికట్టంత ఉన్న ఆ సిలిండర్‌ని గుడ్డ మీద పెట్టి విప్పాడు. లోపల సీలు బిస్కెట్‌లా విరిగి ముక్కలుగా వచ్చింది. రబ్బరు పదిహేనేళ్లకి అలాగే అవుతుంది. రాడ్డు మీద గోరు పెట్టి పై నుంచి కింద దాకా గీశాడు. గీతలు లేవు, అంటే రాడ్డు బాగుంది. వెర్నియర్‌తో కొలిచి, అదే సైజు సీలు తెచ్చి వేశాడు. రెండేళ్లైంది, చుక్క కారలేదు. "టిప్పర్ జాకీ ఇరవై టన్నులు లేపుతుంది, ఇది రేకు లేపుతుంది, అంతే తేడా" అన్నాడు. ఒక్క మాట గట్టిగా చెప్పాడు: ఇందులో బ్రేక్ ఆయిల్ పోయొద్దు, సీళ్లు ఉబ్బి పాడవుతాయి. కంపెనీ చెప్పిన హైడ్రాలిక్ ఆయిలే పోయాలి.

టాప్ చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్‌కి కూడా గ్రీజు, వేజ్‌లీన్ రాయకండి. పెట్రోలియం తగిలితే ఆ రబ్బరు మెత్తబడి సాగిపోతుంది. సిలికాన్‌ది రాయండి, రెండు నెలలకోసారి, తడిగుడ్డతో తుడిచి ఆరాక.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఇంజిన్ పొద్దున చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించి వినండి. మొదటి రెండు మూడు సెకన్లు గొలుసు గలగలమంటే, ఇంజిన్ లోపలి ఆ గొలుసు, అంటే టైమింగ్ చైన్, మార్చే ఖర్చు ధరలో తగ్గించుకోండి. టైరు మీద నాలుగు అంకెలు చూడండి, చివరి రెండూ తయారైన ఏడాది. పాత బండ్లలో టైర్లు అరగవు, ఎండుతాయి. తెలంగాణ బండైతే ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదని అక్కడి రవాణా ఆఫీసు ఇచ్చే కాగితం, తెచ్చుకుని ఇక్కడ లైఫ్ టాక్స్ కట్టాలి, ఆ లెక్క ముందే వేసుకోండి. 15 ఏళ్లు నిండాక రిజిస్ట్రేషన్ రెన్యువల్, తర్వాత ఐదేళ్లకోసారి. నాది ఈమధ్యే అయింది.

మెడ వెనక సీట్లోంచి వేడిగాలి వచ్చే ఫీచర్ గురించి అడిగారు. ఎయిర్‌స్కార్ఫ్ అంటారు. విజయవాడలో దాని పని లేదు. కానీ ఒక జనవరిలో లంబసింగి వెళ్లాం. తెల్లవారుజామున మంచులో టాప్ తీసి, దాన్ని ఆన్ చేశాం. ముఖానికి చలి, మెడకి వెచ్చదనం. మా ఆవిడ ఆ సిలిండర్ ఖర్చు సంగతి మర్చిపోయింది ఆ రోజే.

సరే, కవర్. కుట్టు బాగుంది, అద్దాలకి జేబులు సరిగ్గా కూర్చున్నాయి, లోపల మెత్తటి గుడ్డ ఉంది, పెయింట్ మీద గీత పడలేదు. కానీ దీనికి గాలి ఆడదు. మూడు రాత్రులు వేసి చూశాను. పొద్దున తీస్తే లోపలి వైపు, ఇదిగో ఇలా, నీటి బొట్లు. మన కృష్ణా తీరంలో గాలిలోనే చెమ్మ ఉంటుంది. ఆ చెమ్మని రాత్రంతా రబ్బరు బీడింగ్ మీద మూటగట్టి ఉంచితే, నేను నెలనెలా చేసే పనంతా వృథా. కంపెనీవాళ్లకి కూడా ఇదే రాసి పంపాను. మామూలు కారుకి, ఎండ ఊళ్లో అయితే తీసుకోవచ్చు. కన్వర్టిబుల్‌కి మాత్రం నేను వద్దంటాను. షెడ్డు ఉంటే పలచటి కాటన్ కవర్ చాలు. షెడ్డు లేకపోతే ముందు షెడ్డు వేసుకుని, తర్వాత ఈ బండి కొనండి. రోజూ ఆఫీసుకి వెళ్లడానికి ఇంకో బండి ఉండాలి. ఈ రెండూ ఉంటే కొనండి అని గట్టిగా చెబుతాను. ఇంత ఖర్చు పెట్టాక కూడా, రేపు ఇది పోతే మళ్లీ ఇదే వెతుక్కుంటాను. ఎస్‌ఎల్‌సీ అని పేరు మార్చి 2020లో తయారీ ఆపేశారు, ఇక కొత్తవి రావు. మంచివి దొరికినప్పుడే...

అయ్యో, చినుకు పడింది. సీటు మీద చూడండి, ఇదిగో. ఒక్క నిమిషం, తెర తగిలి ఉందా... ఉంది. స్విచ్ నొక్కాను. లేస్తోంది. మీరు లెక్కపెట్టండి, నేను అద్దాలు చూసుకుంటాను.