ముందు బెల్టా, ముందు గన్నా? డల్లాస్ స్టూడియో చర్చ

గ్యాస్ స్టేషన్లు, చిన్న స్టోర్లు నడిపే మనవాళ్ల మీద దోపిడీ జరిగినప్పుడల్లా టెక్సాస్ తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో "ప్రతి ఒక్కరూ ఒక గన్ కొనుక్కోండి" అనే మెసేజ్ మళ్లీ తిరుగుతుంది. ఈసారి ఆ గొడవ స్టూడియో దాకా వచ్చింది. పాల్గొన్నవాళ్లు నలుగురు: గన్ శిక్షకుడు, స్టోర్ యజమాని, ఇమిగ్రేషన్ లాయరు, ఎమర్జెన్సీ వార్డు డాక్టరు. నలుగురికీ సమానంగా సమయం ఇస్తామని మొదట్లోనే చెప్పారు. మాటలు మాత్రం ఎవరెంత మాట్లాడితే అంతే రాశాను.

వ్యాఖ్యాత: చొక్కా కింద కనపడకుండా రోజూ పెట్టుకు తిరగడానికి ఏ గన్ మంచిది? మాస్టారూ, ఒక్క పేరు చెప్పండి.

శిక్షకుడు: పేరు తర్వాత. ముందు బెల్ట్ కొనండి.

వ్యాఖ్యాత: బెల్టా?

శిక్షకుడు: అవును. ఆరేడు వందల డాలర్లు పోసి పిస్టల్ కొంటారు, దాన్ని ఆఫీసు బెల్టుకి తగిలిస్తారు. ఆ బరువుకి బెల్ట్ జారుతుంది, పిస్టల్ బయటికి వాలుతుంది. పది నిమిషాలకోసారి నడుము సర్దుకుంటుంటే చూసేవాడికి తెలిసిపోదా? వారం తిరిగేసరికి విసుగొచ్చి దాన్ని కారులో పడేస్తారు.

యజమాని: నా సంగతి వేరండీ. కౌంటర్ వెనక పధ్నాలుగు గంటలు నిలబడేవాణ్ణి...

శిక్షకుడు: మీ కోసమే చెబుతున్నా అన్నా, పూర్తి చెయ్యనివ్వండి. గట్టి బెల్ట్ తర్వాత గన్ పెట్టే ఒర, అంటే హోల్‌స్టర్. ఇది చూడండి. (నీలిరంగు ప్లాస్టిక్ డమ్మీ పిస్టల్ తీసి నల్లటి హోల్‌స్టర్‌లో పెట్టారు. టక్‌మని చప్పుడైంది.) ఇది కైడెక్స్, గట్టి ప్లాస్టిక్. ట్రిగర్ మొత్తం మూసేసింది, పైనుంచి ఎంత నొక్కినా లోపలికి తగలదు. ఆన్‌లైన్‌లో పది డాలర్లకి దొరికే గుడ్డ హోల్‌స్టర్ అయితే పిస్టల్ తియ్యగానే మూతి ముడుచుకుపోతుంది, పైనుంచి నొక్కితే ట్రిగర్ కదులుతుంది.

డాక్టరు: ఇంట్లో పిల్లలున్న సంగతి కూడా...

శిక్షకుడు: అక్కడికే వస్తున్నానమ్మా. ఇంకొకటి చూపిస్తా. (తన జాకెట్ అంచున వేలాడే తాడు పట్టుకుని హోల్‌స్టర్ నోట్లో పెట్టారు.) పిస్టల్ తిరిగి పెట్టేటప్పుడు ఈ తాడో, చొక్కా అంచో లోపలికి పోయిందనుకోండి, ట్రిగర్‌కి చుట్టుకుని పేలుతుంది. తగిలేది తొడకి. అందుకే తియ్యడం వేగంగా, పెట్టడం నిదానంగా. చొక్కా ఎత్తి, కళ్లతో చూసి పెట్టాలి.

వ్యాఖ్యాత: బాగుంది. ఇప్పుడైనా ఒక్క పేరు?

శిక్షకుడు: గ్లాక్ 19లో 15 రౌండ్లు, అంటే గుండ్లు, పడతాయి, చేతికి నిండుగా ఉంటుంది, కానీ డల్లాస్ ఎండల్లో పల్చటి టీ షర్టు కింద ఉబ్బుగా కనిపిస్తుంది. సిగ్ పీ365 అంగుళం మందం, 10 రౌండ్లు, సులువుగా దాగుతుంది. అంత చిన్నది కాబట్టి కాల్చినప్పుడు చేతిలో ఎక్కువ ఎగురుతుంది. రెండిటి గుండూ 9 మిల్లీమీటర్లదే. ఎక్కువమందికి అది చాలు.

యజమాని: మా బావ రివాల్వర్ కొన్నాడు, చిన్నది. జేబులో పెట్టుకుంటాడు.

శిక్షకుడు: అయిదు గుండ్లది. తేలిక, మొరాయించదు. కానీ ట్రిగర్ గట్టిగా నొక్కాలి, కొత్తవాళ్ల చెయ్యి వణికి గురి తప్పుతుంది. తేలిగ్గా ఉందని ఆడవాళ్లకి అదే అంటగడతారు, తప్పు. చిన్న గన్ కాల్చడమే కష్టం.

వ్యాఖ్యాత: సిగ్ అన్నారు, దానంతటదే పేలుతుందని వార్తలొచ్చాయి కదా?

శిక్షకుడు: అది పీ320. దాని మీద కోర్టుల్లో కేసులున్నాయి, కంపెనీ ఒప్పుకోదు. నేను చెప్పింది పీ365. రెండూ ఒకటి కావు.

లాయరు: నేనొకటి అడగాలి. అన్నయ్యగారూ, మీ గన్ ఎక్కడ ఉంటుంది?

యజమాని: స్టోర్‌లోనే. కౌంటర్ కింద డ్రాలో.

లాయరు: రాత్రిపూట కౌంటర్‌లో ఎవరుంటారు?

యజమాని: మనవాడేనండీ, ఎమ్మెస్ చదువుతున్నాడు.

లాయరు: ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీదనా?

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు.)

లాయరు: ఆ ఉద్యోగం సంగతి అలా ఉంచండి. ఎఫ్-1, ఉద్యోగాల హెచ్-1బీ, వాళ్ల భార్యాభర్తలకీ పిల్లలకీ ఇచ్చే హెచ్-4, అమ్మానాన్నలు వచ్చే బీ-2, ఈ వీసాల వాళ్లు గన్ దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం. 2022 చట్టం తర్వాత శిక్ష 15 ఏళ్ల దాకా పడొచ్చు. దేశం నుంచి పంపించేస్తారు కూడా. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఈ నిషేధం లేదు. ఆ డ్రా తాళం ఆ అబ్బాయి చేతిలో ఉంటే, గన్ మీ పేరు మీద ఉన్నా వాడికి ప్రమాదమే.

యజమాని: టెక్సాస్‌లో గన్ పెట్టుకు తిరగడానికి లైసెన్సే అక్కర్లేదన్నారు కదండీ!

లాయరు: 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్లు నిండి, చట్టప్రకారం గన్ ఉంచుకోగలిగినవాళ్లకి అక్కర్లేదు. ఫెడరల్ నిషేధం ఉన్నవాళ్లకి ఆ మాట వర్తించదు.

వ్యాఖ్యాత: వీసా మీద ఉన్నవాళ్లు వేట లైసెన్సు తీసుకుంటే పరవాలేదంటారు కదా?

లాయరు: ఆ మినహాయింపు ఉంది. కానీ దాన్ని నమ్ముకునే ముందు తమ కాగితాలు లాయరుకి చూపించుకోవాలి. వాట్సాప్‌లో చదివి...

శిక్షకుడు: లైసెన్సు అక్కర్లేకపోయినా తీసుకోమనే నేనంటాను. పరీక్షలో 3, 7, 15 గజాల నుంచి మొత్తం 50 గుండ్లు కాల్చాలి, 250కి 175 రావాలి. అది రానివాడు స్టోర్‌లో జనం మధ్య గన్ ఎలా తీస్తాడు?

యజమాని: మరి గుడికి వెళ్లినప్పుడో?

లాయరు: 2019 నుంచి లైసెన్సు ఉంటే గుళ్లోకీ తీసుకెళ్లొచ్చు. ఇంగ్లీషు, స్పానిష్ భాషల్లో అంగుళం ఎత్తు అక్షరాలతో, గన్ తేవద్దని చెప్పే 30.06 బోర్డు పెడితే కుదరదు.

యజమాని: మా గుడి గోడకి అలాంటిది ఉంది. పార్కింగ్ బోర్డనుకున్నాను.

డాక్టరు: బోర్డు చూసి గన్ కారులో వదిలేస్తారు, అద్దం పగలగొట్టి ఎత్తుకుపోతారు. నేను మొదటి నుంచీ చెప్పాలనుకుంటున్నది...

శిక్షకుడు: కారులో వదలకూడదు. సీటు కిందకి కేబుల్‌తో బిగించే చిన్న పెట్టెలుంటాయి...

డాక్టరు: ఒక్క నిమిషం సార్! 2021లో అమెరికాలో తుపాకులతో చనిపోయినవాళ్లు 48,830 మంది. వాళ్లలో 26,328 మంది ఆత్మహత్యలే. మీరంతా బయటి దొంగ గురించే మాట్లాడుతున్నారు. ఉద్యోగం పోయి, వీసా టెన్షన్‌తో నిద్రపట్టని మనిషి ఇంట్లో అదే గన్ ఉంటుంది. పదహారేళ్ల పిల్లాడూ ఉంటాడు.

శిక్షకుడు: కాదనను. అందుకే సేఫ్ ఉండాలంటున్నా. అయినా దొంగ వచ్చిన రాత్రి...

డాక్టరు: సేఫ్ కోడ్ తెలిసిన మనిషే నిద్రపట్టని మనిషైతే?

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు.)

వ్యాఖ్యాత: సమయం దగ్గర పడుతోంది. మాస్టారూ, గన్‌కి లైటు, లేజర్ తగిలించుకోవాలా?

శిక్షకుడు: లేజర్ వద్దు. లైటు చేతిలో విడిగా ఉండాలి. వచ్చింది ఎవరో చూడ్డానికి గన్ గురిపెట్టారనుకోండి, ఎదుట మీ పిల్లాడే ఉండొచ్చు. బుల్లెట్లు హాలో పాయింట్ వాడండి, అంటే మొన బోలుగా ఉండి ఒంట్లో విచ్చుకునేవి. సాధన చేసే రేంజ్‌లో కాల్చే మామూలువి మనిషిలోంచి దూసుకెళ్లి వెనక పాల క్యాన్ పట్టుకున్న కస్టమర్‌కి తగలొచ్చు. న్యూజెర్సీలో ఉన్నవాళ్లు మాత్రం జాగ్రత్త, అక్కడ నడుముకి పెట్టుకు తిరిగే గన్‌లో హాలో పాయింట్ ఉంటే కేసు.

యజమాని: దొంగకి ఆ డబ్బు ఇచ్చేస్తే పోదా అని మా ఆవిడ అంటుంది.

శిక్షకుడు: చాలాసార్లు ఇచ్చెయ్యడమే మంచిది అన్నా. అది కూడా క్లాసులో చెబుతాను. కానీ ఇచ్చాక కూడా కాలిస్తే? అప్పుడేం చేస్తారు? అందుకే ఈ సాధన, ఈ బెల్ట్, ఈ...

డాక్టరు: నా ప్రశ్నకి జవాబు రాలేదు.

వ్యాఖ్యాత: తప్పకుండా ఇంకో ఎపిసోడ్‌లో డాక్టరుగారూ. మాస్టారూ, చివరిగా, పీ365 అనేనా?

శిక్షకుడు: గ్లాక్ 19 అయినా సరే, రేంజ్‌కి వెళ్లి రెండూ అద్దెకి తీసుకుని కాల్చి చూడమనండి. చేతికి ఏది...

యజమాని: లాయరుగారూ, ఆ డ్రా తాళం ఇవాళే తీసేసుకోవాలా?

(మ్యూజిక్ మొదలైంది. లాయరు ఏదో అంటున్నారు, మైకు ఆగిపోయింది.)