రేకుల కప్పులోంచి లేచే గొట్టానికి రబ్బరు తొడుగు: ఒక వానకాలం వాడి చెబుతున్న రివ్యూ

నమస్కారం. హనుమకొండలో మా డాబా మీద మెట్ల గదికి రేకుల కప్పు ఉంది. డిష్ యాంటెన్నాను మోసే రెండంగుళాల జీఐ గొట్టం ఆ రేకుకు చేసిన రంధ్రంలోంచి పైకి లేస్తుంది. మూడు వానకాలాల పాటు ఆ గొట్టం చుట్టూ ఇల్లు కురిసింది. ముసురు పట్టిన రోజుల్లో మా అమ్మ మెట్ల మీద తపేలా పెట్టి, పూటకోసారి ఎత్తి పారబోసేది. ఆ సందును మూయడానికి నేను కొన్న ఈపీడీఎం (ఎండావానలను తట్టుకునే కృత్రిమ రబ్బరు) తొడుగును ఈ రోజు మీకు చూపిస్తున్నాను. ఇదిగో, బోర్లించిన గరాటులా ఉంది కదా. దీని అంచులో మెత్తని అల్యూమినియం పట్టీ ఉంటుంది కాబట్టి, రేకు గాడుల్లోకి ఒదిగేలా చేత్తోనే నొక్కుకోవచ్చు.

దీన్ని కొనాలన్న ఆలోచన నాకు తెరచాప పడవల మరమ్మతుల గురించి చదువుతున్నప్పుడు వచ్చింది. భద్రకాళి చెరువు ఒడ్డున పెరిగినవాడికి ఆ పడవలతో ఏం పని అని మీరు అడగవచ్చు. చాలా పడవల్లో తెరచాప కొయ్య డెక్కుకు, అంటే పడవ పైతలానికి, చేసిన రంధ్రంలోంచి దిగి అడుగున వెన్నుదూలం మీద నిలుస్తుంది. పేరుకు కొయ్య అంటున్నాం గాని, నేడది ఎక్కువగా అల్యూమినియం గొట్టమే. గాలి విసురుకు ఆ కొయ్య ఎంతో కొంత కదులుతూనే ఉంటుంది కనుక, రంధ్రంలో చీలలో రబ్బరు దిమ్మలో దిగ్గొట్టి దాన్ని నిలబెడతారు. నీరు దిగకుండా ఆ పైన వదులైన తొడుగు ఒకటి వేసి పట్టీలతో బిగిస్తారు. అంటే కొయ్యను పట్టి ఉంచేది ఒకటి, నీటిని ఆపేది మరొకటి. మేము మాత్రం ఈ రెండు పనులనూ ఒకే ముద్దతో చేయించబోయాం.

2022లో గొట్టం చుట్టూ సిమెంటు పెట్టించాం, అది ఎండాకాలం దాటలేదు. మరుసటి ఏడాది ఎపాక్సీ ముద్ద పెట్టించాం. 2023 జూలై చివర్లో, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైన ఆ వారంలో, మా ఎపాక్సీ రాయిలా చెక్కుచెదరకుండా ఉంది. కానీ దానికీ రేకుకూ మధ్య వెంట్రుకవాసి సందు విచ్చుకుంది. మూడు మీటర్ల ఇనుప రేకు 40 డిగ్రీల వేడి తేడాకు దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు సాగుతుంది. మన మే నెల ఎండ సంగతి మీకు తెలియనిది కాదు. రేకు సాగి, ముద్ద సాగకపోతే ఎక్కడో ఒకచోట విడిపోక తప్పదు. మూడో ఏడాది వాడిన సిలికాన్ సాగే గుణం ఉన్నదే గాని, అది వెనిగర్ వాసన వచ్చే రకం. ఆ వాసన ఎసిటిక్ ఆమ్లానిది. అది జీఐ గొట్టం మీది జింకు పూతకు పడదు. లోహం మీద వాడేటట్లయితే న్యూట్రల్ సిలికాన్ అని అడిగి తీసుకోండి. పాత సిలికాన్ మరక మీద కొత్త సిలికాన్ కూడా సరిగా అంటుకోదు కనుక, దాన్ని బ్లేడుతో గీకడానికే నాకు ఒక పూట పట్టింది.

ఇక బిగింపు. రెండంగుళాల గొట్టం అంటే బయటి కొలత రెండంగుళాలు కాదు, దాదాపు 60 మిల్లీమీటర్లు. తొడుగు మెడను ఆ కొలత కంటే అయిదో వంతు తక్కువగా, అంటే 48 దగ్గర కోసి, సబ్బునీళ్లు రాసి పైనుంచి కిందికి దించాలి. ఇందుకోసం డిష్‌ను విప్పి పక్కన పెట్టాల్సి వచ్చింది. అంచు కింద బ్యూటైల్ టేపు వేశాను. అది ఎన్నాళ్లయినా ఎండి గట్టిపడకుండా జిగటగానే ఉంటుంది. తొడుగు నలుచదరపు అడుగుభాగాన్ని, దాని ఒక మూల రేకు వాలుకు ఎగువ వైపు ఉండేలా తిప్పి పెట్టాను, అప్పుడు పైనుంచి వచ్చే నీరు అక్కడ ఆగకుండా రెండు పక్కలకూ చీలిపోతుంది. తర్వాత వాషర్లున్న స్క్రూలు వేసి, మెడకు స్టెయిన్‌లెస్ క్లిప్పు బిగించాను. వస్తువు ధర మేస్త్రీ ఒక రోజు కూలీని దాటలేదు.

తీరా మొదటి పెద్ద వానకు మళ్లీ నీళ్లు కారాయి. వస్తువును తిట్టుకుంటూ రెండు రోజులు గడిపాక, గది లోపల గొట్టం చుట్టూ సుద్దముక్కతో నిలువు గీతలు గీసి, నా తమ్ముడి చేత పైనుంచి నీళ్లు పోయించాను. మొదట తొడుగు అడుగున, తర్వాత మెడ దగ్గర, చివరికి గొట్టం కొస మీద పోశాడు. మొదటి రెండు చోట్లా గీతలు చెదరలేదు. కొస మీద పోయగానే, కప్పుకు జానెడు కింద కేబుల్ బయటికి వచ్చే రంధ్రంలోంచి నీరు దిగి, దాని కింది గీత ఒక్కటే తుడిచిపెట్టుకుపోయింది. గొట్టం పైమూత ఎప్పుడో ఊడిపోయిందన్నమాట. పడవల్లోనూ ఇదే తంతు. తెరచాపను ఎత్తే తాళ్లు కొయ్యలోకి దిగే సందుల్లోంచి వాన లోపలికి చేరుతుంది, బయట ఎంత మంచి తొడుగు వేసినా ఆ నీటిని అది ఆపలేదు. మేము గొట్టానికి కొత్త మూత వేసి, కేబుల్‌ను రంధ్రానికి కిందుగా కొంచెం వేలాడేలా కట్టాం. ఇప్పుడు తీగ వెంట జారే నీటిబొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. ఆ తర్వాత వానకాలమంతా తపేలా వంటింట్లోనే ఉంది.

ఈ తొడుగులో లోపాలు లేకపోలేదు. క్లిప్పు మొదటి నెలలోనే కాస్త వదులైంది, స్క్రూడ్రైవర్‌తో మళ్లీ బిగించాను. దీని మీద డాంబరు పూయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, ఈపీడీఎంకు పెట్రోలియం సరుకు పడదు. డిష్‌ను విప్పలేని చోట, ఒక పక్క చీలిక ఉండి చుట్టి బిగించే రకం తీసుకోవాలి. రేకుల కప్పుకైతే అయిదుకు నాలుగున్నర ఇస్తాను. గొట్టం కాంక్రీటు స్లాబులోంచి వచ్చేవాళ్లు మాత్రం దీన్ని కొనే ముందు ఆగండి: అక్కడ స్క్రూ రంధ్రాలే కొత్త దారులవుతాయి. గొట్టం చుట్టూ చిన్న గట్టు కట్టించుకోవడం మేలు, ఆ పనికి ఈ వస్తువు పనికిరాదు.