గేర్‌బాక్స్ మొత్తం మార్చాలా, సీల్ మారిస్తే సరిపోద్దా? షోరూమ్ వర్సెస్ షెడ్డు: స్టూడియో చర్చ పూర్తి పాఠం

(మాటలు మాటల్లాగే రాశాను. ముగ్గురు ఒకేసారి అరిచిన చోట ఎవరి గొంతు పైకి వినిపిస్తే వాళ్ళదే రాయగలిగాను, అది ఎక్కువసార్లు గ్యారేజ్ ఓనర్‌దే.)

యాంకర్: నమస్కారం, వెల్‌కమ్. ఈ వారం అందరి ఫోన్లలో తిరుగుతున్న వీడియో మీరూ చూసే ఉంటారు. ఆటోమేటిక్ బండి, గేర్ మారినప్పుడల్లా జెర్క్ కొడుతోంది, షోరూమ్‌కి తీసుకెళ్తే గేర్‌బాక్స్ మొత్తం మార్చాలన్నారు, ఎస్టిమేట్ చూస్తే ఆ బండి అమ్మితే వచ్చే డబ్బులో సగం పైనే. బయట షెడ్డుకి తీసుకెళ్తే ఒక సీలు, కొత్త ఆయిలు, అంతే, బండి రోడ్డెక్కింది. జనం రెండు పార్టీలైపోయారు. ఇవాళ మనతో డీలర్‌షిప్ సర్వీస్ మేనేజర్ గారు, సొంత గ్యారేజ్ నడిపే ఓనర్ గారు, వినియోగదారుల కేసులు చూసే లాయర్ మేడమ్, ఇంకా సరిగ్గా ఇదే సమస్యతో బండి ఆపేసుకున్న ఒక కారు ఓనర్ గారు ఉన్నారు. అందరికీ సమానంగా టైమ్ ఇస్తాం. మేనేజర్ గారూ, సూటిగా అడుగుతా, మీరు మార్చాక ఆ పాత పార్ట్ ఎక్కడికి పోతుంది?

సర్వీస్ మేనేజర్: పాత పార్టా? అది తర్వాత సార్, ముందు ఆ వీడియో గురించి...

యాంకర్: కస్టమర్ చేతికి ఇస్తారా ఇవ్వరా?

సర్వీస్ మేనేజర్: ఇస్తాం, అడిగితే చూపిస్తాం. కానీ కొన్ని పార్టులు ఎక్స్ఛేంజ్ మీద వస్తాయి, పాతది కంపెనీకి వెనక్కి పంపితేనే రీకండిషన్ చేసింది తక్కువకి వస్తుంది, వారంటీలో మార్చినవైతే...

గ్యారేజ్ ఓనర్: అదేనండీ చెప్పేది! పాత గేర్‌బాక్స్ కంపెనీకి పోద్ది, అక్కడ విప్పి, పోయిన ముక్క మార్చి, రంగేసి ఇంకొకరికి అమ్ముతారు. అంటే రిపేర్ అయ్యే వస్తువే కదా! మరి అదే రిపేర్ కస్టమర్ బండికే ఎందుకు చేయరు?

సర్వీస్ మేనేజర్: ఫ్యాక్టరీలో టెస్ట్ బెంచ్ ఉంటుంది అన్నా, ప్రతిదీ బెంచ్ మీద ప్రెషర్ చూసి...

గ్యారేజ్ ఓనర్: నేను చెప్పేది వినండి, మధ్యలో రాకండి. ఆ వీడియోలో బండికి ఏమైందో నేను చెప్తా. గేర్‌బాక్స్ లోపల మెకట్రానిక్ అని ఉంటుంది, వాల్వులు, వాటిని కరెంటుతో కదిలించే సోలనాయిడ్లు, కంప్యూటర్ అన్నీ ఒకే దిమ్మలో. బయటి వైరింగ్ దానికి కలిసే చోట ఒక ప్లాస్టిక్ స్లీవ్, దాని మీద రబ్బరు ఓ-రింగులు. అవి గట్టిపడిపోతే ఆయిల్ కారుద్ది, బొట్టుబొట్టుగా, కింద మరక కూడా సరిగా కనపడదు, ఎందుకంటే అండర్ కవర్ మీదే పడి అక్కడే ఆగిపోద్ది. ఆయిల్ తగ్గితే ప్రెషర్ ఉండదు, ప్రెషర్ లేకపోతే క్లచ్ సరిగా పట్టదు, అప్పుడు జెర్క్. ఇప్పుడు చెప్పండి, దీనికి గేర్‌బాక్స్ మార్చాలా? కవర్ విప్పి చూసినోడు ఒక్కడు ఉన్నాడా అక్కడ?

యాంకర్: కవర్ విప్పి చూడలేదా మేనేజర్ గారూ?

సర్వీస్ మేనేజర్: ఆ బండి మా దగ్గరికి వచ్చింది కాదండీ, నేనెలా చెప్తాను! సీల్ సంగతి మాకూ తెలుసు, దాని మీద కంపెనీ నుంచి టెక్నికల్ బులెటిన్లే వస్తాయి, ఏ మోడల్‌లో ఏది మామూలుగా పోతుందో అవి చూసే పని చేస్తాం. నా పాయింట్ ఏంటంటే, కొత్త ఆయిల్ పోస్తే ఏ బండైనా కొన్నాళ్ళు స్మూత్‌గానే ఉంటుంది. లోపల క్లచ్ ప్లేట్లు అప్పటికే అరిగిపోయి ఉంటే మళ్ళీ మొదలవుతుంది. వీడియో అప్పటికే ఆగిపోయి ఉంటుంది కదా.

గ్యారేజ్ ఓనర్: అరిగాయో లేదో పాన్, అదే గేర్‌బాక్స్ కింద ఆయిల్ ఉండే తట్ట, దించితే తెలుస్తది!

లాయర్: ఇక్కడ ఒక్క మాట...

గ్యారేజ్ ఓనర్: ఒక్క నిమిషం మేడమ్. పాన్ అడుగున అయస్కాంతాలు ఉంటాయి. వాటి మీద బూడిద రంగు మెత్తటి పేస్టు ఉంటే అది మామూలు అరుగుదల, భయం లేదు. వేలితో రుద్దితే గరగరలాడుతూ రేకుల్లాంటి ముక్కలు తగిలాయంటే అప్పుడు లోపల ఏదో పోయినట్టు. ఆయిల్ నల్లగా మారి కాలిన వాసన వస్తే ప్లేట్లు మాడినట్టు. ఇది చూడకుండా బండి కంప్యూటర్‌లోని ఫాల్ట్ కోడ్లు చదివే స్కానర్ పెట్టి, కోడ్ వచ్చింది, గేర్‌బాక్స్ మార్చెయ్ అంటే దాన్ని డయాగ్నసిస్ అంటారా?

కారు ఓనర్: నాకూ కోడే చెప్పారండీ. పీ0700 అని కాయితం మీద రాసిచ్చారు, దాని కిందే గేర్‌బాక్స్ రీప్లేస్‌మెంట్ అని.

గ్యారేజ్ ఓనర్: విన్నారా! విన్నారా! పీ0700 అంటే ఏంటి మేనేజర్ గారూ? మీరే చెప్పండి.

సర్వీస్ మేనేజర్: అది జనరల్ కోడ్. గేర్‌బాక్స్ కంట్రోల్ మాడ్యూల్లో ఏదో ఫాల్ట్ నమోదైందని ఇంజన్ కంప్యూటర్‌కి వచ్చే సమాచారం. అసలు ఫాల్ట్ ఏంటో ఆ మాడ్యూల్‌లోకి వెళ్ళి విడిగా చదవాలి.

గ్యారేజ్ ఓనర్: జ్వరం ఉందని థర్మామీటర్ చెప్పింది, ఎందుకొచ్చిందో చూడకుండా ఆపరేషన్ రాసేశారు!

సర్వీస్ మేనేజర్: ఆ ఒక్క కాయితం మీద మొత్తం కేసు తేల్చకండి. లోపలి కోడ్లు కూడా చదివే ఉంటారు, ఓనర్ గారికి ఇచ్చిన షీట్‌లో వేయలేదేమో.

యాంకర్: వేయకపోవడం తప్పే కదా సార్? సరే, అదే నేనంటున్నది, కాయితమూ చూపించరు, పాత పార్టూ చూపించరు...

లాయర్: నేను చెప్పేది కూడా కాయితం గురించేనండీ. జనానికి ఉన్న పెద్ద భయం ఏంటంటే బయట ఒక్కసారి చేయిస్తే వారంటీ మొత్తం పోతుందని. చాలా దేశాల్లో అది నిజం కాదు. అమెరికాలో 1975 నుంచి మ్యాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ఉంది. మా దగ్గరే చేయించాలి, మా బ్రాండ్ పార్టే వాడాలి, లేదంటే వారంటీ ఇవ్వం అనే షరతు మామూలుగా చెల్లదు, వాళ్ళు ఉచితంగా ఇస్తే తప్ప. ఇండియాలో 2014లో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద ఫైన్ వేసింది, స్పేర్లూ డయాగ్నోస్టిక్ టూల్సూ బయటి మెకానిక్‌లకి అందనివ్వట్లేదని. ఆస్ట్రేలియాలో 2022 జూలై 1 నుంచి సర్వీస్ ఇన్ఫర్మేషన్ బయటి గ్యారేజీలకి కూడా న్యాయమైన ధరకి అమ్మి తీరాలని చట్టం వచ్చింది. అయితే ఇంకో వైపు కూడా ఉంది, బయట తప్పు ఆయిల్ పోసి దానివల్లే గేర్‌బాక్స్ పోతే ఆ గేర్‌బాక్స్ వరకు కంపెనీ కాదనొచ్చు, అందుకే బిల్లు మీద...

గ్యారేజ్ ఓనర్: ఫైన్ వేశారు, 14 కంపెనీల మీద! విన్నారు కదా జనం. నేను ఇన్నాళ్ళుగా మొత్తుకునేది అదే.

లాయర్: నా వాక్యం పూర్తి కాలేదండీ. బిల్లు మీద ఏ ఆయిలు, ఏ గ్రేడు, పార్ట్ నంబరు ఏంటి అని రాయించుకోవాలి. చాలా షెడ్డుల్లో చీటీ మీద టోటల్ ఒక్కటే ఉంటుంది.

గ్యారేజ్ ఓనర్: నేనిస్తా మేడమ్ బిల్లు, మిగతావాళ్ళ సంగతి నాకు తెలీదు.

యాంకర్: మేడమ్, పాత పార్ట్ మీద చట్టం ఏమంటుంది?

లాయర్: (నవ్వు) కాలిఫోర్నియాలో అయితే పని ఒప్పుకునేటప్పుడే అడిగితే పాత పార్టులు ఇవ్వాలి. కంపెనీకి వెనక్కి పంపాల్సినవైతే కనీసం చూపించాలి. కానీ ఇక్కడ ప్రశ్న పార్ట్ కాదు, విప్పడానికి ముందు రాతపూర్వక ఎస్టిమేట్...

యాంకర్: చూశారా, చట్టమే ఉంది! పాత పార్ట్ చూపించాలని చట్టమే ఉంది.

సర్వీస్ మేనేజర్: నాకు కొంచెం టైమ్ ఇస్తారా? సమానంగా అన్నారు. సీల్ మార్చడం తేలికని వీడియోలో చూపించారు, సరే. ఆ గేర్‌బాక్స్‌లో ఆయిల్ లెవెల్ ఎలా చూస్తారో చూపించారా? డిప్‌స్టిక్ ఉండదు. ఇంజన్ ఆన్‌లో ఉండాలి, బండి నాలుగు వైపులా సమంగా లేచి ఉండాలి, లోపలి ఆయిల్ టెంపరేచర్ 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు ఫిల్లర్ ప్లగ్ నుంచి సన్నగా కారడం మొదలవ్వాలి, అదీ లెవెల్. టెంపరేచర్ స్కానర్‌లోనే కనిపిస్తుంది. వేడెక్కాక చూస్తే ఆయిల్ వ్యాకోచించి నిండుగా కనిపిస్తుంది కానీ తక్కువే ఉంటుంది. తర్వాత అడాప్టేషన్, అంటే గేర్లు ఎలా మార్చాలో గేర్‌బాక్స్ కంప్యూటర్ నేర్చుకున్న లెక్కలు, రీసెట్ చేసి మళ్ళీ నేర్పించాలి. ఇది ఎంతమంది చేస్తున్నారు?

గ్యారేజ్ ఓనర్: నేను చేస్తున్నా. నా దగ్గర స్కానర్ ఉంది. ఆ మాటకొస్తే మీ కంపెనీలు "లైఫ్‌టైమ్ ఆయిల్, మార్చక్కర్లేదు" అని మాన్యువల్లో రాస్తారు, ఆ గేర్‌బాక్స్ తయారుచేసిన జెడ్ఎఫ్ వాళ్ళేమో 80 వేల నుంచి 1 లక్షా 20 వేల కిలోమీటర్లలోపు మార్చమంటారు. ఎవడి మాట వినాలి? లైఫ్‌టైమ్ అంటే ఎవరి లైఫ్ టైమండీ, వారంటీదా?

(స్టూడియోలో నవ్వులు. ఇక్కణ్ణుంచి ఇంజన్ ఆయిల్ గ్రేడ్ మీదికి, అక్కణ్ణుంచి డూప్లికేట్ ఫిల్టర్ల డబ్బాల మీదికి పోయారు. చాలాసేపు సాగింది. పనికొచ్చింది ఒక్కటే, బాష్, డెన్సో, ఐసిన్ లాంటివాళ్ళు కార్ల కంపెనీలకి సప్లై చేస్తారు, విడిగా తమ సొంత డబ్బాలో బయట మార్కెట్లోనూ అమ్ముతారు, కాబట్టి కంపెనీ లోగో లేనిదంతా డూప్లికేట్ కాదు. దీనికి మేనేజర్ కూడా ఒప్పుకున్నారు, "సరైన పార్ట్ నంబర్ అయితే" అని.)

కారు ఓనర్: నేనొకటి అడగొచ్చా? వారంటీ అయిపోయింది నాది. రెండు ఎస్టిమేట్లూ ఇక్కడే ఉన్నాయి. నేనేం చేయాలి?

లాయర్: ముందు షోరూమ్‌లో గుడ్‌విల్ క్లెయిమ్ అడిగారా? సర్వీస్ రికార్డు మొత్తం అక్కడే ఉంటే, వారంటీ ఈ మధ్యే దాటితే, కంపెనీ కొంత ఖర్చు పెట్టుకోవడం కద్దు. రాసి అడగాలి. కౌంటర్ దగ్గర నోటిమాటతో అడిగితే లేదంటారు.

సర్వీస్ మేనేజర్: అది నిజమే. మేం పంపిస్తాం, నిర్ణయం కంపెనీది. ఇంకోటి, మీ చాసిస్ నంబర్ మీద రీకాల్, అంటే లోపం ఉందని కంపెనీయే బండ్లని వెనక్కి పిలవడం, ఏమైనా ఉందేమో చూడండి. రీకాల్ పని డీలర్ దగ్గరే, ఫ్రీగా. టకాటా ఎయిర్‌బ్యాగులు గుర్తున్నాయా, అమెరికాలోనే దాదాపు 6 కోట్ల 70 లక్షలు రీకాల్ అయ్యాయి, అవి బయటి షెడ్డులో మార్చేవి కావు. అలాగే అద్దం మారిస్తే దాని వెనక కెమెరా కాలిబ్రేషన్, కీ ప్రోగ్రామింగ్, సాఫ్ట్‌వేర్...

గ్యారేజ్ ఓనర్: రీకాల్ మీదే, ఎవరు కాదన్నారు? ఫ్రీ పని మీకు, డబ్బు పని మాకు! (నవ్వు) కానీ బుష్‌లు, బేరింగ్‌లు, సస్పెన్షన్, క్లచ్, టైమింగ్ బెల్టు, రేడియేటర్, ఇవన్నీ మామూలు అరుగుదల పనులు. వీటికి కంపెనీ ఏసీ హాలు, కాఫీ మెషీన్ ఎందుకు? కస్టమర్ లేబర్ కింద కట్టేది ఆ హాలు అద్దె కూడా.

సర్వీస్ మేనేజర్: ట్రైనింగ్‌కీ కడుతున్నారు. ఎలక్ట్రిక్ బండి వస్తే ఏం చేస్తారు? 400 వోల్ట్‌లు, కొన్నిట్లో 800. ఆ హై వోల్టేజ్ వెళ్ళే ఆరెంజ్ కేబుల్ ముట్టుకునే ముందు బ్యాటరీ నుంచి కరెంటు తెగ్గొట్టి, వోల్టేజ్ సున్నాకి వచ్చిందని మీటర్ పెట్టి...

గ్యారేజ్ ఓనర్: ఇక్కడ ఎలక్ట్రిక్ బండి ఎవరిది? ఓనర్ గారూ, మీది ఎలక్ట్రిక్కా?

కారు ఓనర్: కాదండీ, పెట్రోల్.

గ్యారేజ్ ఓనర్: మరి? టాపిక్ మార్చేస్తున్నారు.

యాంకర్: అవును సార్, టాపిక్‌కి వద్దాం. ఎలక్ట్రిక్ బండిలో బ్యాటరీ మార్చితే పాత బ్యాటరీ ఎవరికి చెందుతుంది?

సర్వీస్ మేనేజర్: (నిట్టూర్పు)

లాయర్: నేను ఒకటి చెప్పి ఆపేస్తా. పెద్ద రిపేర్‌లో మీరు మొదట కొనాల్సింది రిపేర్ కాదు, డయాగ్నసిస్. దానికి విడిగా డబ్బు కట్టండి, రాతలో తీసుకోండి, ఏ టెస్ట్ చేశారు, ఏం కనిపించింది అని. ఆ కాయితం పట్టుకుని రెండో చోటికి వెళ్ళండి. ఉచితంగా చూస్తాం అన్నవాళ్ళు రిపేర్ అమ్మితేనే వాళ్ళకి గిట్టుబాటు, అది షోరూమైనా షెడ్డయినా ఒకటే. రిపేర్ మీద గ్యారంటీ ఎంతకాలం, లేబర్‌కి కూడా వర్తిస్తుందా అని...

గ్యారేజ్ ఓనర్: నేను గ్యారంటీ ఇస్తా!

లాయర్: రాసిస్తారా?

గ్యారేజ్ ఓనర్: నా మాటే గ్యారంటీ మేడమ్. బండి పోతే షట్టర్ ముందు నిలబడి అడుగుతారు, నేనెక్కడికి పోతా? షోరూమ్‌లో ఈ రోజున్న అడ్వైజర్ వచ్చే నెల ఉంటాడా? అసలు బండి పట్టుకున్న మెకానిక్‌తో మాట్లాడనిస్తారా? అద్దం అవతల ఉంటాడాయన, ఇవతల టై కట్టుకున్నాయన...

సర్వీస్ మేనేజర్: రాసిస్తారా లేదా అని అడిగారు మేడమ్, దానికి జవాబు...

గ్యారేజ్ ఓనర్: చెప్పా కదండీ!

(ముగ్గురూ ఒకేసారి. వినిపించలేదు.)

యాంకర్: టైమ్ అయిపోతోంది, ప్లీజ్, ప్లీజ్. చర్చలో ఒకటైతే స్పష్టంగా తేలింది, షోరూమ్‌లు పారదర్శకంగా ఉండాలి, పాత పార్ట్ చూపించాలి, జనం షెడ్డుల వైపు ఊరికే వెళ్ళట్లేదు.

సర్వీస్ మేనేజర్: అది ఎప్పుడు తేలిందండీ?

లాయర్: నేనలా అనలేదు.

కారు ఓనర్: మరి నా బండి...

గ్యారేజ్ ఓనర్: రేపు పొద్దున్నే నా దగ్గరికి టోయింగ్ చేయించండి. పాన్ దించుతా, మీ కళ్ళముందే చూపిస్తా.

కారు ఓనర్: పాన్ దించడానికి లేబర్ ఎంతవుతుందండీ?

గ్యారేజ్ ఓనర్: ముందు దించనీయండి సార్, అవన్నీ తర్వాత మాట్లాడుకుందాం.

యాంకర్: చిన్న బ్రేక్ తర్వాత వాతావరణం.