లినక్స్‌పై వాణిజ్య సింథసైజర్లు: కొనేముందు చేయవలసిన పరీక్షలు

సభకు నమస్కారం. 1948 నుంచి ఆకాశవాణి కేంద్రమున్న మన విజయవాడలో ఇప్పుడు భక్తిగీతమైనా, పెళ్లి వీడియోకు నేపథ్య సంగీతమైనా ఇంట్లో ఒక గదిలోనే తయారవుతున్నది. ఆ గదిలోని ల్యాప్‌టాప్‌పై విండోస్ బదులు లినక్స్ నడిపేవారు డబ్బు పెట్టి, వాద్యధ్వనులను కంప్యూటర్‌లోనే పుట్టించే సాఫ్ట్‌వేర్ సింథసైజర్ కొనాలనుకుంటే దానిని ఎలా పరీక్షించాలన్నదే నేటి విషయం.

ముందు ఉచితంగా దొరికేదానితో పోల్చాలి. ఒకప్పుడు వాణిజ్య వాద్యంగా అమ్ముడై 2018లో ఓపెన్ సోర్స్‌గా మారిన సర్జ్, నేటి సర్జ్ ఎక్స్‌టీ రూపంలో ఎంత బలమైనదంటే, దానిని మించి ఏమిస్తుందో చెప్పలేని వాద్యానికి రూపాయి పెట్టనవసరం లేదని నా అభిప్రాయం.

ప్రీసెట్లు, అంటే ముందే సిద్ధంచేసి ఇచ్చిన ధ్వనులు, విని మురిసిపోకండి. అవి అమ్మకానికి అలంకరించినవి. మన పాటకు అసలు పరీక్ష గమకం. తోడిలో సాధారణ గాంధారం శుద్ధ రిషభం నుంచి శుద్ధ మధ్యమం దాకా ఊగితే, సాధారణంగా అటూ ఇటూ రెండేసి అర్ధస్వరాలుగా ఉండే పిచ్ బెండ్ (మోగుతున్న స్వరాన్ని పైకీ కిందికీ వంచే సదుపాయం) పరిధి దానికి సరిగ్గా సరిపోతుంది. షడ్జమం నుంచి పంచమానికి జారాలంటే మాత్రం చాలదు. పరిధిని పన్నెండుకు పెంచి, నెమ్మదిగా జార్చి వినండి. కీబోర్డు నుంచి సింథ్‌కు స్వర సందేశాలు పంపే మిడి ప్రమాణంలో పిచ్ బెండ్‌కు 16,384 విలువలున్నా, కీబోర్డు చక్రం 128 మాత్రమే పంపితే ఒక్కో అడుగు సుమారు 19 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరోవంతు) అవుతుంది, జారు కాస్తా మెట్లుమెట్లుగా వినిపిస్తుంది. అందుకే మొదట చక్రం ముట్టుకోకుండా, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే వంపు గీసి వినిపించుకుంటే, లోపం కీబోర్డుదో సింథ్‌దో తేలిపోతుంది. పియానోటెక్ వంటి వాద్యాన్ని ఈ కొలతతో తూచడం అన్యాయం. పియానో ధ్వనిని రికార్డు చేసిన నమూనాలు లేకుండా గణితంతోనే పుట్టించే ఆ వాద్యం కొన్ని పదుల మెగాబైట్లలో ఇమిడిపోవడమే దాని గొప్ప.

రెండవది భారం. యూ-హీ సంస్థ వారి డీవా అనే సింథ్‌లో నాణ్యతను డ్రాఫ్ట్ నుంచి డివైన్ దాకా పెంచుకోవచ్చు, పెంచినకొద్దీ ప్రాసెసర్ అలసిపోతుంది. 48,000 హెర్ట్జ్ వద్ద 128 ఫ్రేముల బఫర్ (ఒక్కో విడతలో లెక్కకట్టే ధ్వని ముక్క) అంటే 2.7 మిల్లీసెకన్లే. ఆ వ్యవధిలో లెక్క పూర్తికాకపోతే చిటపటలు వస్తాయి. జనవరి ఉదయం హాయిగా నడిచిన ప్రాజెక్టు, మన మే నెల మధ్యాహ్నం ప్రాసెసర్ వేడెక్కి వేగం తగ్గించుకోగానే తడబడవచ్చు. కాబట్టి డెమోను ఎండవేళ, ఫ్యాన్ గాలిలో, ఐదారు ట్రాకులతో కలిపి నడిపి చూడాలి.

ఇక లైసెన్సు. సీరియల్ నంబరు టైపు చేస్తే చాలనేవి మేలు. లైసెన్సును యూఎస్‌బీ తాళంలోనో ఖాతాలోనో ఉంచే ఐలాక్ పద్ధతిని అడిగేవాటికి లినక్స్‌లో అధికారిక దారి లేదు. వైన్, యాబ్రిడ్జ్ అనే అనుసంధాన సాఫ్ట్‌వేర్‌లతో విండోస్ వాద్యాలను నడపవచ్చు గానీ, ఒక అప్‌డేట్‌తో అవి మూగబోయే ప్రమాదముంది. అందువల్ల అటువంటి వాద్యాన్ని వాడితే, పాట పూర్తయిన రోజే ఆ ట్రాకును వేవ్ ఫైలుగా దించి ప్రాజెక్టుతోపాటు భద్రపరచుకోవాలి.